కోస్టల్ బ్యాటరీ చరిత్ర ఊరందరికీ తెలిసేలా చెయ్యండి

సంపాదకుడు గారికి,

నమస్కారమండీ. మన విశాఖ బీచ్ రోడ్డు అభివృద్ధి గురించి మీ పేపర్లో తరచూ వార్తలు వస్తుంటాయి, లైట్లు, పార్కులు, కొత్త విగ్రహాలు అని, అవన్నీ వద్దని నేననను, కానీ అదే రోడ్డు కొసన ఉన్న కోస్టల్ బ్యాటరీ గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు, అది చూస్తే నిజంగా బాధేస్తోంది. ఆటో ఎక్కి కోస్టల్ బ్యాటరీ అంటే ఎవరైనా దింపేస్తారు. అది హార్బర్‌కి కాపలాగా ఫిరంగులు పెట్టిన చోటని మాత్రం నేను అడిగిన పిల్లల్లో చాలామందికి తెలీదు.

మన తీరంలో ఫిరంగుల కథ ఇప్పటిది కాదు. 1804 సెప్టెంబర్‌లో ఫ్రెంచ్ అడ్మిరల్ లినోయ్ తన యుద్ధ నౌకలతో విశాఖ మీదికి వచ్చాడు. ఆయన పెద్ద ఓడ మారెంగోకి 74 ఫిరంగులు, ఇక్కడ లంగరేసి ఉన్న బ్రిటిష్ ఓడ సెంచూరియన్‌కి 50. ఆ రోజు ఒడ్డు మీద ఫిరంగులు కూడా సెంచూరియన్‌కి తోడుగా కాల్చాయి, ఆ ఓడ బాగా దెబ్బతింది కానీ ఫ్రెంచి వాళ్ల చేతికి చిక్కలేదు. ఇంత పెద్ద సముద్ర యుద్ధం మన ఊరి ముందర జరిగిందని మన స్కూల్లో ఎవరైనా చెప్పారా?

తర్వాత 1933లో పోర్టు వచ్చింది. అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని కావాలని ముంచి మరీ కట్టిన పోర్టు అది. అటు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇటు రాస్ హిల్ కొండ, మధ్యలో సన్నటి దారి, ఓడ ఏదైనా అందులోంచే రావాలి, అంటే ఆ దారి మీద గురి పెట్టి కూర్చుంటే శత్రువు ఓడ లోపలికి దూరలేదు. బ్యాటరీ అంటే ఒట్టి ఫిరంగి అనుకుంటారు గానీ దాని వెనకాల చాలా తతంగం ఉంటుందండీ. ఆ రోజుల్లో బ్రిటిష్ వాళ్లు రేవుల్లో ఎక్కువగా పెట్టిన ఆరంగుళాల ఫిరంగినే తీసుకోండి, గుండు ఒక్కటే 100 పౌండ్లు, అంటే 45 కిలోలు, దాన్ని కింద మందుగుండు గదిలోంచి పైకి తేవాలి, రాత్రిపూట నీళ్ల మీద సెర్చిలైట్లు తిప్పుతుండాలి. ఓడ ఎంత దూరంలో ఉందో కనిపెట్టే పద్ధతి నాకు మరీ ఇష్టం. ఎత్తు మీద కూర్చున్న మనిషి, ఓడ నీటిని తాకే గీత మీద గురి పెట్టి చూస్తాడు, తను ఎంత ఎత్తులో ఉన్నాడో ముందే తెలుసు, ఎంత కోణంలో కిందికి చూస్తున్నాడో పరికరం చెప్తుంది, ఆ రెండింటితో దూరం తేలిపోతుంది. ఆటుపోట్లకి నీటిమట్టం మారితే లెక్క తప్పుతుంది కాబట్టి దాన్ని కూడా సరిచూసుకోవాలి. పదో తరగతి పిల్లలు చదివే త్రికోణమితే కదా ఇది!

ఇక 1942. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది, మార్చి 23న అండమాన్ జపాన్ వాళ్ల చేతిలోకి పోయింది, ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు, ఆ మర్నాడే ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ ఓడ మీంచి లేచిన విమానాలు మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లు పట్టుకుని పోయారు, ఆంధ్రా యూనివర్సిటీని కూడా గుంటూరుకి మార్చాల్సి వచ్చింది. ఓడల కోసం పెట్టే ఫిరంగి ఆకాశంలోంచి వచ్చేదాన్ని ఏం చేస్తుంది, అందుకే యుద్ధం తర్వాత విమానాలు, క్షిపణుల ముందు ఇలాంటి బ్యాటరీలకి కాలం చెల్లిపోయింది, బ్రిటన్ అయితే 1956లో తీరం ఫిరంగుల విభాగాన్నే ఎత్తేసింది.

కాలం చెల్లినంత మాత్రాన మర్చిపోవాలా? సింగపూర్‌లో సిలోసో కోటని చూడండి, ఓడిపోయిన యుద్ధం తాలూకు ఫిరంగులు అవి, అయినా 1970ల్లోనే బాగుచేసి జనానికి తెరిచారు, 2022లో జాతీయ స్మారకం చేశారు. మన దగ్గరేమో బీచ్‌లో ఇసక కోతకి అప్పుడప్పుడు పాత పిల్‌బాక్సులు, అంటే సైనికులు లోపల ఉండి తుపాకీ కాల్చే చిన్న కాంక్రీటు గదులు, బయటపడుతుంటాయి, మూరెడు మందం కాంక్రీటు గోడ, తుపాకీ పెట్టడానికి సన్నటి సందు, పెచ్చులూడి బయటికొచ్చిన తుప్పు చువ్వలు, లోపల చూస్తే బీరు సీసాలు, చెత్త. దాని మీదెక్కి సెల్ఫీలు దిగుతారు. వాళ్లనని ఏం లాభం, అదేమిటో చెప్పే బోర్డు ఉంటే కదా.

కోస్టల్ బ్యాటరీలో ఇప్పటికీ నేవీ వాళ్లున్నారు, రక్షణ స్థలం కాబట్టి రోజూ లోపలికి పంపమని నేనడగను. గేటు బయట తెలుగులో ఒక మంచి బోర్డు, పాత ఫోటోలతో సహా, అది పెట్టించమనండి. డిసెంబర్ 4 నేవీ డే టైంలో ఒక్క రోజు స్కూలు పిల్లల్ని తీసుకెళ్లి చూపించమనండి. కురుసుర సబ్‌మెరైన్‌ని ఒడ్డుకి లాక్కొచ్చి మ్యూజియం చేసిన ఊరికి ఇదేమీ పెద్ద పని కాదు. పిల్‌బాక్సులు ఎక్కడెక్కడున్నాయో జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ), పురావస్తు శాఖ కలిసి లెక్కేసి, సముద్రం మింగేసేలోపు ఫోటోలు, కొలతలైనా తీసి పెట్టాలి.

ఇంకో మాట. 1942లో బాంబులు పడ్డప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకి ఇప్పుడు తొంభై దాటేశాయి. పాత ఊళ్లో, జాలరిపేటల్లో అలాంటి పెద్దలు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ల మాటలు రికార్డు చెయ్యాలి, దానికి ప్రభుత్వం దాకా కూడా అక్కర్లేదు, మీ పేపరు వాళ్లే వారానికొకరి దగ్గరికి వెళ్లి రాయొచ్చు. ఈ వేసవిలోనే మొదలుపెట్టండి, దయచేసి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం