ఎస్సై గారు వాలీబాల్ ఆడారు సరే, మా బండి సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. ఎస్సై గారు లుంగీల మీదున్న కాలనీ కుర్రాళ్లతో వాలీబాల్ ఆడుతున్నారు, కింద 'ప్రజలతో మమేకమవుతున్న పోలీసులు' అని రాశారు. ఆడితే మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కానీ కమ్యూనిటీ పోలీసింగ్, అంటే జనాన్ని కలుపుకుని పోలీసులు పనిచేయడం అనేది ఈ మధ్యే ఎవరో కనిపెట్టి మన మీద దయతలచి తెచ్చిన కొత్త పద్ధతి అన్నట్టు రాశారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండింది. ఉత్తరం కాస్త పొడుగైనా కత్తిరించకుండా వేస్తారని ఆశ.

మన ఊళ్లకు కాపలా కొత్త కాదు. తలారి ఉండేవాడు, కొన్నిచోట్ల కావలివాళ్లు ఉండేవాళ్లు. వాళ్లకు జీతం సర్కారు నుంచి వచ్చేది కాదు, కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడే వాళ్ల మేర, అంటే వాటా, పక్కకు తీసి పెట్టేవాళ్లు. చాలా చోట్ల ఇంకో షరతు కూడా ఉండేది. దొంగతనం జరిగి సొత్తు దొరక్కపోతే ఆ నష్టం కావలివాళ్లే కట్టుకోవాలి. ఒక్కసారి ఆలోచించండి, పోయిన సొమ్ముకు కాపలాదారుడే జవాబుదారీ! ఈ రోజు స్టేషన్‌కి వెళ్లి ఈ మాట అంటే రైటర్ గారు మన మొహం ఎగాదిగా చూస్తారు.

అలాగని ఆ రోజులు బంగారం అని నేననను. తలారి వినాల్సింది మునసబు మాట, ఊరి పెద్దల మాట. పెద్ద రైతుకు కాపలా, కూలివాడికి కర్ర. పైగా 1816లో ఈస్టిండియా కుంపిణీ వాళ్లు దరోగాలనే పోలీసు అధికారులను తీసేసి పోలీసు పనంతా కలెక్టర్ల చేతికిచ్చారు, దాంతో శిస్తు వసూలు చేసే చెయ్యీ కొట్టే చెయ్యీ ఒకటే అయిపోయాయి. శిస్తు కట్టలేదని రైతు వేళ్లను రెండు కర్రల మధ్య పెట్టి నిమ్మకాయ పిండినట్టు నొక్కేవాళ్లు, దాన్ని కిట్టి అనేవాళ్లు. మెడకూ కాళ్లకూ తాడు కట్టి మనిషిని వంచి ఎండలో నిలబెట్టేవాళ్లు. ఇవి నేను కల్పించినవి కావు, మద్రాసు ప్రభుత్వమే వేసిన చిత్రహింసల విచారణ సంఘం 1855లో ఇచ్చిన నివేదికలో ఉన్నాయి. ఆ గొడవ తర్వాతే రెవెన్యూ నుంచి పోలీసును విడదీసి 1859లో మద్రాసు పోలీసు చట్టం తెచ్చారు. దేశమంతటికీ వచ్చిన 1861 చట్టం దాని తర్వాతిది. అంటే ఈ విషయంలో మనవైపే ముందు. విడ్డూరం ఏమిటంటే ఆ 1859 చట్టం ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టం అని పేరు మార్చుకుని మన దగ్గర ఇంకా బతికే ఉంది. తెలంగాణ వాళ్లదీ అదే కథ, హైదరాబాద్ నగర పోలీసు చట్టం నిజాం నాటి 1348 ఫసలీది, అంటే మన లెక్కలో 1938-39.

ఇంతకీ విడదీశారు, బాగానే ఉంది. కానీ నమూనా ఎక్కడి నుంచి తెచ్చారన్నదే అసలు సంగతి. లండన్‌లో 1829లో రాబర్ట్ పీల్ పెట్టిన పోలీసు వీధుల్లో తిరిగే పోలీసు, మామూలుగా తుపాకీ ఉండదు, జనం ఒప్పుకుంటేనే నడిచేది. అదే ఇంగ్లీషువాళ్లు ఐర్లాండులో మాత్రం బ్యారక్‌లలో ఉంచి, తుపాకులిచ్చి, సొంత ప్రాంతంలో పోస్టింగ్ ఇవ్వకుండా ఇంకో రకం దళం నడిపారు, ఎందుకంటే అక్కడి జనాన్ని వాళ్లు నమ్మలేదు. 1843లో సింధ్‌ను పట్టుకున్న ఇంగ్లీషు జనరల్ నేపియర్ తెచ్చింది ఆ ఐర్లాండు పద్ధతి, తర్వాత మిగతా దేశానికీ దాదాపు అదే అంటుకుంది. తలారి ఊరికి లోకువైనా ఊరివాడు. కొత్త కానిస్టేబుల్ పైవాడికి సెల్యూట్ కొడతాడు, ఊరికి జవాబు చెప్పక్కర్లేదు. పోలీసులంటే అవినీతి, దౌర్జన్యం అనే పేరు పడిపోయిందని 1902-03లో పోలీసుల తీరును విచారించిన ఫ్రేజర్ కమిషన్ రాసింది. తెల్లవాళ్లు వేసిన కమిషనే ఆ మాట అందంటే మనం వేరే చెప్పేదేముంది!

ఇప్పుడు మా కాలనీకి వస్తాను. రెండేళ్ల కిందట స్టేషన్ నుంచి వచ్చి మీటింగ్ పెట్టారు, భద్రత మనందరి బాధ్యత అన్నారు, ఇంటికి రెండు వేలు వేసుకుని ఆరు కెమెరాలు పెట్టించాం. వీడియో స్టేషన్‌లో కనబడుతుందన్నారు, సంతోషించాం. మొన్న సంక్రాంతి వెళ్లాక మా అబ్బాయి బండి గేటు ముందు నుంచి పోయింది. స్టేషన్‌కి వెళ్తే ఆ సందు కెమెరా కేబుల్ ఎలుకలు కొరికేసి నాలుగు నెలలైందట. ఆ సంగతి వాళ్లకు తెలుసు, డబ్బులిచ్చిన మాకే తెలియదు! ముందు 'పిటిషన్ రాసిచ్చి వెళ్లండి' అన్నారు, మూడోసారి తిరిగితే ఎఫ్ఐఆర్ అయింది, అది కూడా ఇన్సూరెన్స్‌కు కావాలని గట్టిగా అడిగితే.

ఇంకో ముచ్చట చెప్పాలి. మా రామాలయం గేటుకు పాలిథిన్ కవర్లో ఒక బీట్ పుస్తకం వేలాడుతుంటుంది, రాత్రి గస్తీకి వచ్చిన కానిస్టేబుల్ టైం వేసి సంతకం పెట్టాలి. బండి పోయిన తర్వాత తీసి చూశాను. మంగళవారం 1.40, బుధవారం 2.10, గురువారం 1.55. మూడూ ఒకే పెన్ను, ఒకే వాలు, ఇంకా గమ్మత్తేమిటంటే నేను చూసింది బుధవారం సాయంత్రం. రాబోయే రాత్రి గస్తీకి కూడా ముందే సంతకమైపోయిందన్నమాట. ఆ కానిస్టేబుల్‌ను కూడా ఏమంటాం, పగలు బందోబస్తు, రాత్రి గస్తీ, మధ్యలో కోర్టు సమన్లు, మనిషే కదా ఆయనా.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. కమ్యూనిటీ పోలీసింగ్ పేరుతో మన దగ్గర అన్నీ ఒకవైపే పోతున్నాయి. కెమెరాల డబ్బు మనది, సమాచారం మనది, శాంతి కమిటీలో కూర్చునే టైం మనది. అటు నుంచి ఇటు ఏం వస్తోంది? వాలీబాల్. మైత్రి కమిటీలు చూశాం, ఫ్రెండ్లీ పోలీసింగ్ విన్నాం, సచివాలయాల్లో మహిళా పోలీసులు వచ్చారు. హైదరాబాద్‌లో 2014లో మొదలైన షీ టీమ్స్ లాంటివి కొంత పనిచేశాయి కూడా, అది ఒప్పుకుంటాను, ఆడపిల్లలు స్టేషన్ మెట్లెక్కకుండానే ఫిర్యాదు చేసే వీలు దొరికింది కాబట్టి. మిగతావి మాత్రం ఆఫీసరు మారగానే బోర్డు మిగిలి మనుషులు మాయం.

జనాన్ని కలుపుకోవడమంటే వాళ్లలో పదిమందికి టోపీలు, విజిళ్లు ఇవ్వడం కూడా కాదు. తమిళనాడులో ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ అని 1993లో రామనాథపురం జిల్లాలో మొదలై రాష్ట్రమంతా పాకింది, బాగా పేరొచ్చింది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసు కస్టడీలో దెబ్బలు తిని చనిపోయినప్పుడు ఈ వలంటీర్ల మీద కూడా ఆరోపణలొచ్చాయి, జూలైలో ప్రభుత్వం ఆ వ్యవస్థనే నిషేధించింది. పోలీసులకు తోడుండే జనం వేరు, పోలీసులను అడిగే జనం వేరు. మనకు కావాల్సింది రెండో రకం.

కొత్త చట్టాలేం అక్కర్లేదు, ఉన్నవి చాలు. 2006లో పోలీసు సంస్కరణల మీద వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్టేషన్ హౌస్ ఆఫీసరుకు, అంటే స్టేషన్ నడిపే అధికారికి, కనీసం రెండేళ్లు పదవీకాలం ఉండాలని, జిల్లా స్థాయిలో ఫిర్యాదుల అథారిటీ పెట్టాలని చెప్పింది. మా స్టేషన్‌లో మూడేళ్లలో నలుగురు ఎస్సైలు మారారు, మా కాలనీలో ఎన్ని సందులున్నాయో తెలిసేలోపే ట్రాన్స్‌ఫర్. ఇక 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలి, ఫోన్లో మెసేజ్ పెట్టినా చాలు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మాకు కాపీ ఇచ్చారు, జిరాక్స్ డబ్బులు మేమే ఇచ్చాం. 90 రోజులు దాటి కూడా నెలయింది, మెసేజ్ లేదు.

నెలకొక ఆదివారం ఎస్సై గారు మా కమ్యూనిటీ హాల్లో గంటసేపు కూర్చుని, ఈ నెల ఇన్ని ఫిర్యాదులొచ్చాయి, ఇన్ని తేలాయి, ఇన్ని ఇందుకు తేల్లేదు అని చదివితే చాలు. ఆ తర్వాత వాలీబాల్ ఆడినా మేమే నెట్టు కడతాం. మీరు కూడా ఈసారి అలాంటి ఫొటో వేసేటప్పుడు పక్కన ఆ స్టేషన్ లెక్క కూడా అడిగి వేయండి.

అన్నట్టు మా బండి నల్ల స్ప్లెండర్, వెనక సీటు కవరు చిరిగి ఉంటుంది, ట్యాంకు మీద మా మనవరాలు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కర్ ఉంటుంది. ఎవరికైనా కనిపిస్తే మీ పత్రిక ద్వారా చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా