మందుల గురించి మీకు సగమే చెప్పాం

"మీ కోడి మాంసంలో యాంటీబయాటిక్ ఉంటుందా?" అని మీలో చాలామంది అడిగారు. ప్రతిసారీ "ఉండదండీ" అన్నాను. అది అబద్ధం కాదు. మందు వాడితే, కోడి ఒంట్లోంచి అది పోవడానికి ఆగాల్సిన రోజులన్నీ ఆగాకే అమ్ముతాం. కానీ అది సగం జవాబే. మాంసంలో మందు మిగలకపోయినా, ఆ మందును తట్టుకుని బతికిన బ్యాక్టీరియా మిగలొచ్చు. ఈ తేడా నాకు సరిగ్గా అర్థమైంది పోయిన బ్యాచ్‌లోనే.

మూడో వారంలో పిల్లలు రెక్కలు వేలాడేసి ఒక మూలకి చేరాయి. ఎప్పటిలాగే నీళ్ల ట్యాంకులో ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కలిపాం. తగ్గలేదు. డాక్టర్ గారు చనిపోయిన పిల్లల్ని కోసి చూసి శాంపిల్ ల్యాబ్‌కి పంపారు. రిపోర్టు కోసం వెళ్తే అక్కడ గాజు పళ్లెం చూపించారు. పళ్లెమంతా పల్చటి మీగడలా ఈ.కోలై అనే బ్యాక్టీరియా పరుచుకుని ఉంది. దాని మీద చిన్న కాగితపు బిళ్లలు, ఒక్కోదానిలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం రావాలి. మేం వాడే మూడు మందుల చుట్టూ వలయమే లేదు, మీగడ అంచుదాకా వచ్చేసింది. మిగిలిన కోళ్లకు పనిచేసే మందు వేసి, గడువు దాటాకే అమ్మాం. మీలో కొందరు కొన్నది ఆ బ్యాచ్‌నే.

మందుకు లొంగని ఆ బ్యాక్టీరియా మా షెడ్డులో మేమే పెంచుకున్నది. జబ్బు లేకపోయినా ముందుజాగ్రత్త అని మొదటి వారంలో మందు కలిపేవాళ్లం. బరువు త్వరగా వస్తుందని దాణాలోనూ కొద్ది కొద్దిగా పడేది. ఆ కొద్ది మోతాదుకి బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, తట్టుకున్నది మిగిలి ఖాళీ అయిన చోటంతా నింపేస్తుంది. జబ్బు చేసినప్పుడు నీళ్లలో కలపడంలోనూ చిక్కుంది. నీరసపడిన కోడి నీళ్లు తక్కువ తాగుతుంది కాబట్టి, మందు ఎక్కువ అవసరమైనదానికే తక్కువ అందుతుంది. కొక్కెర తెగులుకి కూడా యాంటీబయాటిక్ కలిపిన రోజులున్నాయి. అది వైరస్, ఈ మందు దాన్నేమీ చేయదు.

తట్టుకునే గుణం ఒక బ్యాక్టీరియాతో ఆగదు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం ద్వారా పక్కదానికి, వేరే జాతికి కూడా వెళ్లిపోతుంది. ఇంకే మందూ పనిచేయని రోగులకు ఆఖరున ఇచ్చే కోలిస్టిన్‌ని పశువుల దాణాలో కలిపారు. దాన్ని ఎదుర్కొనే ఎమ్‌సీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీదే ఉన్నట్టు 2015లో చైనాలో బయటపడింది, పందుల్లోనూ పచ్చి మాంసంలోనూ ఆసుపత్రి రోగుల్లోనూ. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా చనిపోయినవాళ్లు 12.7 లక్షలమందని అంచనా. అందులో ఫారాలకు వంతు లేదని నేను అనలేను.

ఇకనుంచి జబ్బులేని కోళ్లకు యాంటీబయాటిక్ ఇవ్వం. జబ్బు చేస్తే మాత్రం వైద్యం చేస్తాం, బాధపడే కోడిని వదిలేయలేం. అయితే ముందు ల్యాబ్ పరీక్ష, తర్వాత డాక్టర్ గారి చీటీ, పూర్తి కోర్సు. అందుకే "యాంటీబయాటిక్ ఫ్రీ" అని లేబుల్ వేయడం లేదు. ఏ బ్యాచ్‌కి ఏ మందు ఎన్ని రోజులు వాడామో బిల్లు మీద రాస్తాం. షెడ్డులో కోళ్లను తగ్గించి, గాలి ఆడేలా, ఊక తడవకుండా చూస్తాం. దీనివల్ల కోడి బరువు కొంచెం తగ్గుతుంది, రేటు కొంచెం పెరుగుతుంది.

కోళ్ల ఎరువు తీసుకెళ్లే రైతులకు: పచ్చి ఎరువుతో ఈ బ్యాక్టీరియా పొలంలోకి, అక్కడి నుంచి నీళ్లలోకి పోతుంది. ఇకమీదట కుప్పవేసి, లోపల వేడెక్కి బాగా మాగాకే ఇస్తాం. వేడికి చాలావరకు చస్తుంది, జన్యువులు పూర్తిగా పోతాయని మాత్రం చెప్పను. పచ్చిగా తినే పంటలకు వేయకండి.

మాంసం విషయంలో భయం వద్దు. మందుకు లొంగనిది కూడా వేడికి లొంగుతుంది, బాగా ఉడికితే చాలు. పచ్చి మాంసం కోసిన కత్తిని, చెక్కను కడగకుండా ఇంకోదానికి వాడకండి. మాంసాన్ని కుళాయి ధార కింద పెడితే తుంపరలు గట్టంతా పడతాయి, అది కూడా మానేయండి.

షెడ్లు రెండూ ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. పాత ఊక ఎత్తేసి, కడిగి, సున్నం వేసి ఆరబెడుతున్నాం. కొత్త పిల్లలు దిగి పెరిగేదాకా, అంటే సుమారు రెండు నెలలు, సరుకు ఉండదు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు వెనక్కి కావాలంటే అడగండి, ఆ రోజే ఇచ్చేస్తాం.