అన్నిటికీ ‘విచారణ’ ఏమిటి?

పోలీసులు స్టేషన్‌లో అడిగే ప్రశ్నలకూ, కోర్టులో నడిచే కేసుకూ వార్తల్లో ‘విచారణ’ అనే ఒక్క మాటే వాడటం మానాలి. ‘ఆరు గంటల పాటు నిందితుడి విచారణ’ అని శీర్షిక ఉంటుంది. లోపల చదివితే దర్యాప్తు అధికారి ప్రశ్నలు వేశారంతే, ఇంకా చార్జిషీటైనా వేయలేదు. అదే పేజీలో కింద ‘విచారణ 14కు వాయిదా’ అని మరో వార్త. అది కోర్టుది. మాట పుట్టుక చూసినా తేడా ఉంది. సంస్కృత ‘చర్’ ధాతువు నుంచి వచ్చిన విచారణ అంటే మంచిచెడ్డలు ఆలోచించి నిర్ణయించడం (దాని చుట్టం ‘విచారం’ తెలుగులో దిగులైపోయింది!). పారసీ నుంచి వచ్చిన దర్యాప్తు అంటే కనుక్కోవడం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) కూడా సాక్ష్యాల సేకరణను పోలీసులకు, విచారణను మేజిస్ట్రేటుకు, కోర్టుకు విడదీసి చెప్పింది. ‘విచారణలో నేరం ఒప్పుకున్నాడు’ అని రాస్తే చదివేవాడికి కోర్టులో ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడిపై రుజువుగా వాడటానికి సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియంలోని 23వ సెక్షన్ సాధారణంగా ఒప్పుకోదు. సబ్ ఎడిటర్లు మూడు మాటలు బల్ల మీద అతికించుకుంటే చాలు: పోలీసులు అడిగితే ‘ప్రశ్నించారు’, కేసు కూపీ లాగడం ‘దర్యాప్తు’, న్యాయమూర్తి ముందు జరిగేది మాత్రమే ‘విచారణ’. ‘విచారణ ఖైదీ’ అన్న మాటను ఎలాగూ సరిగ్గానే రాస్తున్నారు.