చెంచులక్ష్మిని అరగంటకు కుదించకండి మంత్రి గారూ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

మేం ఇచ్చిన అర్జీలు మీ దాకా వచ్చాయో, కింద ఏ టేబుల్ దగ్గర ఆగిపోయాయో మాకు తెలియదు. అందుకే ఇలా నలుగురిలో రాయాల్సి వస్తోంది, తప్పుగా అనుకోకండి.

మాది చిందు యక్షగానం, రాత్రంతా పాడుతూ వేషం కట్టి ఆడే ఆట. కళోత్సవంలో ఈసారి చెంచులక్ష్మి ఆట పూర్తిగా ఆడిస్తామని మీ శాఖ వాళ్లే మాటిచ్చారు. రాత్రి భోజనాల వేళకి మొదలుపెట్టి తెల్లారేదాకా ఆడుకోండి అన్నారు. ఆ మాట నమ్మి మా మిరాశీ ఊళ్లలో, అంటే తరతరాలుగా ఆడే హక్కున్న ఊళ్లలో, ఒప్పుకున్న ఆటలు వదులుకున్నాం. సెంట్రింగ్ పనికి పట్నం వెళ్లిన మద్దెల అబ్బాయిని పనులు మాన్పించి పిలిపించాం, పొనికి కర్రతో చేసిన పాత కిరీటాలకూ భుజకీర్తులకూ అప్పు చేసి మళ్లీ రంగులు వేయించాం. తీరా రోజు దగ్గరికొచ్చాక ఫోన్ చేసి, చాలా బృందాలు ఉన్నాయి, మీకు అరగంటే ఇస్తాం, మంచి పాటలు రెండు పాడి పెళ్లి సీను చూపించి దిగిపోండి అన్నారు.

అరగంట సార్. నరసింహస్వామి వేషానికి ముఖానికి అర్దళం అనే పసుపు రంగు పూసి, గీతలు దిద్ది, భుజకీర్తులు కట్టి, గజ్జెలు బిగించడానికే అంతకు రెండు మూడింతల టైము పడుతుంది. రంగు ఆరకముందే దిగిపొమ్మంటే ఎలా? అయినా ఆ కష్టం మాకు అలవాటే, దాని గురించి కాదు నా బాధ. అరగంటలో ఏది పోతుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు, అది చెప్పాలనే ఈ ఉత్తరం.

పోయేది ఆటంతా. హిరణ్యకశిపుణ్ని చంపిన కోపం చల్లారక నల్లమలలో తిరిగే స్వామి చెంచు పిల్లను చూసి మనసు పడతాడు, ఇది అందరికీ తెలిసిందే. కానీ ఆ పిల్ల వెంటనే ఒప్పుకోదు. నువ్వెవరు, నీ కులమేంటి, అడవిలో బతకడం నీకు తెలుసా అని ఒక్కొక్కటే అడుగుతుంది. దేవుడు నిలబడి జవాబు చెప్పుకోవాలి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో దరువు, అంటే ఒక్కో పాట, మద్దెల ఊపందుకునేది అక్కడే. ఆ తర్వాత స్వామి భార్య ఆదిలక్ష్మి వస్తుంది. అడవిలో దుంపలు తవ్వుకునేది నాకు సవతా అని నిలదీస్తుంది. చెంచిత, అదే చెంచులక్ష్మి, తలొంచదు, మాటకు మాట పాడుతుంది. ఆ వేషం కట్టేది మా చెల్లెలు. ఆ కయ్యం దగ్గరికి వచ్చేసరికి నిద్రపోతున్న ఆడవాళ్లు కూడా లేచి కూర్చుంటారు, చెంచిత పక్కన ఉండి కేకలు వేస్తారు. ఇదంతా తీసేసి పెళ్లి ఒక్కటే చూపిస్తే మిగిలేది దండలు మార్చుకున్న ఇద్దరు మనుషులు, అంతే. ఎవరి కోసం ఎవరు ఎంత దిగి వచ్చారో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

కులం కాని పిల్లను ప్రేమించాడని పిల్లల్ని చంపుతున్న రోజులివి. ఇద్దరిలో ఒకరు దళితులై కులాంతర పెళ్లి చేసుకుంటే 2.5 లక్షలు ఇచ్చే పథకం 2013లో కేంద్ర ప్రభుత్వమే తెచ్చింది కదా. అదే సంగతి రాత్రంతా పాడి చెప్పే ఆట ఇది. దీన్ని ఆడే మేం దళితులమని, ఊళ్లో మమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టేవాళ్లో మీకు తెలుసు. మా నోట ఆ కయ్యం వినిపించడం వేరు సార్.

సినిమావాళ్లు ఈ కథని 1943లో ఒకసారి, 1958లో ఒకసారి పూర్తి నిడివి సినిమాగా తీశారు. అహోబిలంలో సంక్రాంతి తర్వాత స్వామి పల్లకీ ఎక్కి, తన పెళ్లికి రమ్మని పిలుస్తూ దాదాపు నలభై రోజులు ఊళ్లు తిరుగుతాడు. చెంచులు ఆయన్ని ఇప్పటికీ తమ ఇంటి అల్లుడనే అంటారు. ఆ పెళ్లికి పిలుపులకే అన్ని రోజులు, మాకు ఒక్క రాత్రి దొరకదా?

2024లో గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు చిందు యక్షగానం గొప్పదని అందరూ అన్నారు, మేమూ సంతోషంతో ఏడ్చాం. చిందుల ఎల్లమ్మ గారు వేషం కట్టి ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టిన కళ ఇది. మీరు అరగంటకు కొయ్యమంటున్నది కూడా దీన్నే. ఇలాగే అరగంటలు ఆడుకుంటూ పోతే మా పిల్లలకు ఆ రెండు పాటలే వస్తాయి, మిగతా దరువులు మా పెద్దవాళ్లతోనే పోతాయి. ఇప్పటికే కొన్ని పోయాయి, అడిగితే చెప్పేవాళ్లు లేరు.

పోయినసారి ఆడిన ఆటకు డబ్బులు ఇంకా పడలేదు. బడ్జెట్ రాలేదంటున్నారు. ఆ ముచ్చట ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు దాన్నీ దీన్నీ కలపను.

మాకు ఒక్క రాత్రి ఇవ్వండి. ఏసీ హాలు అక్కర్లేదు, బడి గ్రౌండ్ అయినా చాలు, మైకు, లైట్లు ఉంటే చాలు. మధ్యలో ఎవరూ వచ్చి చాలు ఆపమని చెయ్యి ఊపకూడదు. ఆ కయ్యం సీను ఒక్క దరువు కూడా తగ్గకుండా ఆడనివ్వండి, వీలైతే మీరూ వచ్చి కూర్చోండి. తారీఖు మాత్రం కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపించండి సార్, ఫోన్‌లో చెప్పిన మాట మీద మేం ఇంకోసారి అప్పు తేలేం.

ఇట్లు
చిందు యక్షగానం ఆడే ఒక కళాకారుడు