శనివారం పీణ్యలో నెమలి కటింగ్

అందరికీ నమస్కారం. వినాయక చవితి మండపం వెనక పెట్టే చెక్క నెమలిని ఈ శనివారం పొద్దున 10కి బెంగళూరు పీణ్యలో సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ డిజైన్ ప్రకారం చెక్క కోసే మెషీన్) మీద కోయిస్తున్నాం.

ప్లైవుడ్ షీటు 8×4 అడుగులే, మన నెమలి 10 అడుగులు! తోక విడిగా కోసి వెనక పట్టీతో కలుపుదాం.

డిజైన్ వేస్తున్నవాళ్లు గురువారం రాత్రిలోగా డీఎక్స్‌ఎఫ్ ఫైలు (మెషీన్ చదవగలిగే గీతల డ్రాయింగ్) పంపండి. ఫొటోలు వద్దు ప్లీజ్. గీతలు ఎక్కడా తెగకుండా మూసుకుని ఉండాలి. బిట్ (తిరుగుతూ చెక్కను కోసే ముక్క) 6 మి.మీ. కాబట్టి లోపలి మూలలు ఎంత పదునుగా గీసినా గుండ్రంగానే వస్తాయి. ఈకల మధ్య సందు 8 మి.మీ.కు తగ్గనివ్వకండి.

మాస్కు, ఇయర్‌ప్లగ్స్ మర్చిపోవద్దు. వేలాడే చున్నీలు, గ్లోవ్స్‌తో మెషీన్ దగ్గరికి రావద్దు. పిల్లల్ని ఆదివారం తీసుకురండి, బేస్‌మెంట్‌లో ఉప్పుకాగితం పని బోలెడుంది.

వచ్చేవాళ్లు రేపటిలోగా చెప్పండి, కార్లు చూసుకోవాలి.