మూతి వంకర: మొదటి 72 గంటలు చేజారనివ్వొద్దు

సంపాదకులకు,

పొద్దున్నే పుక్కిలిస్తే నీళ్లు నోటికి ఒక పక్క నుంచి కారిపోతాయి. అద్దంలో చూస్తే మూతి వంకర, ఆ పక్క కన్ను మూతపడదు. పక్షవాతమని హడలిపోయి ఆస్పత్రికి పరుగెత్తడం సరైన పనే. చిక్కంతా, స్కాన్‌లో మెదడు బాగానే ఉందని తేలాక వస్తోంది. గండం గడిచిందనుకుని చాలామంది బి విటమిన్ మాత్రలతో, ముఖానికి కరెంటు పెట్టించుకుంటూ వారం గడిపేస్తున్నారు. కరెంటు వల్ల మేలని గట్టి ఆధారాలు లేవు.

మెదడు బాగానే ఉండి ఇలా ముఖం ఒక పక్క పడిపోవడాన్ని బెల్స్ పాల్సీ అంటారు. ఇందులో దెబ్బతినేది ముఖ కండరాలను కదిలించే ఏడో కపాల నాడి. అది చెవి వెనక ఎముకలోని ఇరుకు సొరంగం గుండా ముఖంలోకి వస్తుంది. అక్కడ వాచిందంటే ఎముక సాగదు కాబట్టి నాడే నలిగిపోతుంది. నిద్రాణంగా ఉన్న హెర్పిస్ వైరస్ మళ్లీ లేవడమే ఇందుకు కారణమని వైద్యుల అనుమానం. మధుమేహులకు, నెలలు నిండుతున్న గర్భిణులకు ముప్పు ఎక్కువ.

వాపు తగ్గించేది స్టెరాయిడ్. పెద్దవారికి సాధారణంగా ప్రెడ్నిసొలోన్ రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 10 రోజులు ఇస్తారు. 72 గంటల్లోపు మొదలుపెడితేనే పూర్తి ఫలితం. స్టెరాయిడ్ అనగానే జంకేవారికి ఒక మాట: ఇది కొద్ది రోజుల కోర్సు. షుగర్ ఉన్నవారు మాత్రం రోజూ పరీక్షించుకుంటూ డాక్టరు సలహాతోనే వాడాలి. వైరస్ మందు ఒక్కటే ఇస్తే లాభం లేదు. చెవిలో నీటి పొక్కులు, తీవ్రమైన నొప్పి ఉంటే అది ఆటలమ్మ తెప్పించే జోస్టర్ వైరస్ పని, అప్పుడు ఆ మందు కూడా తప్పనిసరి.

అందరూ మరిచేది కన్ను. రెప్ప పడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. మూతి సరయినా చూపు తిరిగి రాకపోవచ్చు. పగలు గంటకో రెండు గంటలకో కృత్రిమ కన్నీటి చుక్కలు, పడుకునేముందు ఆయింట్‌మెంటు వేసి, రెప్పను పూర్తిగా మూసి టేపు అంటించాలి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

నుదురు ముడుచుకోమని అడిగితే డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది. నాడి దెబ్బతింటే ఆ పక్క నుదుటి ముడతలు కూడా పోతాయి. మెదడు పక్షవాతంలో సాధారణంగా నిలిచే ఉంటాయి. ఇది ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. చేయి బలహీనపడినా, మాట తడబడినా క్షణం ఆగకూడదు.

అత్యవసర విభాగాల అధికారులకు మీ పత్రిక ద్వారా మా విన్నపం ఇది. స్కాన్ బాగుందని ఇంటికి పంపే చీటీలోనే స్టెరాయిడ్ మోతాదు, కంటి మందులు, మళ్లీ రావాల్సిన తేదీ రాయించండి. కదలిక సాధారణంగా మూడు వారాల్లో మొదలవుతుంది. మూడు నెలలకీ రాకపోతే, లేదా వంకర రోజురోజుకీ పెరుగుతుంటే, గడ్డ ఏదైనా నాడిని నొక్కుతోందేమో ఎమ్మారై తీసి చూడాలి.

ఇట్లు,
నాడీ వైద్య విభాగ వైద్యులు