నోయా అని పేరు పెట్టారు

జెరూసలేం
శుక్రవారం మధ్యాహ్నం

ప్రియమైన సుగుణా,

ఉత్తరం ఆలస్యమైంది. తిట్టుకో, కాని చదివాక తిట్టుకో. నేను బాగున్నాను, జీతం అందింది, అమ్మకు డబ్బు పంపాను. ఇక అసలు సంగతి.

నేను చూసుకునే మామ్మగారికి మునిమనవరాలు పుట్టింది. పేరు దగ్గర ఎంత రభసో! పిల్ల తండ్రి వైపు వాళ్లు మొరాకో యూదులు. బతికున్న పెద్దల పేరు పెట్టడం వాళ్లకు గౌరవం. అందుకని ప్రేమగా మామ్మగారి పేరే పెడతామన్నారు. ఈవిడ పోలెండు యూదురాలు. వీళ్లలో పోయినవాళ్ల పేర్లే పెడతారు. "అంటే నన్ను సాగనంపుతున్నారా?" అని కంచం తోసేశారు. మీ మేనత్త, ఆ నీళ్ల బిందె... అచ్చం అదే ముఖం! వంటింట్లోకి పారిపోయి నవ్వుకున్నాను.

చివరికి తల్లే తేల్చింది: నోయా. సినగాగులో, అదే వాళ్ల ప్రార్థన మందిరంలో, తోరా అనే ధర్మశాస్త్రం చదివేటప్పుడు తండ్రిని పిలిచి పేరు ప్రకటించారు. ఓడ కట్టిన నోవహు అనుకునేవు, ఆయన వేరు. ఆయన పేరులో విశ్రాంతి ఉంది, ఈ పేరుకు కదలిక అని అర్థం. ఇక్కడ ఏ పార్కులో పిలిచినా నలుగురు నోయాలు తిరిగి చూస్తారు, అయినా నాకు తెగ నచ్చింది. ఎందుకంటే బైబిల్లో సంఖ్యాకాండంలో సెలోపెహాదుకు కొడుకులు లేరు, ఐదుగురు కూతుళ్లు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. సండే స్కూలు పుణ్యమా అని గడగడా చెప్పేసరికి ఇంటిల్లిపాదీ నోరు తెరిచారు!

ఆ ఐదుగురూ ప్రజల నాయకుడు మోషే ముందు, సమాజమంతటి ముందు నిలబడి, కొడుకు లేనంత మాత్రాన మా నాన్న పేరు మాసిపోవాలా, మాకూ భూమి ఇవ్వండి అన్నారు. మోషే తనంతట తాను తీర్పు చెప్పలేదు, దేవుణ్ణి అడిగాడు. వాళ్లడిగింది న్యాయమే అన్నాడు దేవుడు. తర్వాత గోత్రం పెద్దలు ఊరుకుంటారా? భూమి బయటికి పోకూడదు, తండ్రి గోత్రంలోనే పెళ్లాడాలని మెలిక పెట్టించారు. చివరికి బాబాయిల కొడుకులనే చేసుకున్నారు. మన వరసలో అన్నదమ్ములే కదా, రామ రామ!

ఇదంతా నీకే ఎందుకు రాస్తున్నానో తెలుసుగా. 1986లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ కుటుంబాల్లో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టం తెచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. నువ్వేమో మీ అన్నయ్య కళ్లనీళ్లు పెట్టుకోగానే నీ వాటా వదులుకుంటూ సంతకం పెట్టి వచ్చావు. నిన్ను తిట్టడం లేదు. సరే, తిడుతున్నాను. ఆ కాగితాల నకలు నీ దగ్గరుందా? ఉంటే ఎవరైనా మంచి వకీలుకు చూపించి...

ఈ ఉత్తరం పట్టుకెళ్లే అమ్మాయి వచ్చేసింది. విశ్రాంతి దినం మొదలై బస్సులు ఆగిపోయేలోపు వెళ్లాలట, గుమ్మంలో నిలబడి తొందరపెడుతోంది. నకలు సంగతి మాత్రం వెంటనే రాయి.

నీ
రూతు